రక్తం ఒప్పుకోలేదు

రాయవరపుపేటలోని ప్రాంతీయ పాతపత్రాల పరిరక్షణ కేంద్రంలో మంగతాయారు సీటు కిటికీ పక్కన ఉండేది. ఒకప్పుడు ఆ సీటు కోసం చాలామంది పోటీ పడ్డారు. గాలి ఆడుతుంది, వీధిలో ఎవరు పోతున్నారో కనిపిస్తుంది, బజ్జీల బండి వచ్చిందంటే ఆ సంగతి ముందుగా ఆ సీటుకే తెలుస్తుంది. సీనియర్ అసిస్టెంటు అయ్యాక ఆవిడకది దక్కింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ కిటికీ పైన, సన్‌షేడ్ అడుగున, కందిరీగలకూ చోటు దక్కింది.

మొదట ఆ గూడు తామరకాయంత ఉండేది. ఎవరూ పట్టించుకోలేదు. చూస్తుండగా పిండి జల్లెడంత అయింది. అప్పుడు మాత్రం అందరూ దాన్ని చూసి, "బాగా పెరిగిందే" అనుకుని ఎవరి సీట్లలోకి వాళ్లు పోయారు.

ఒకరోజు పొద్దున్న మంగతాయారు కింద అరలోంచి ఫైలు తీయడానికి వంగితే చెవి వెనక కందిరీగ కుట్టింది. "అబ్బా" అనుకుని, అటెండరు నూకరత్నం తమలపాకుల సంచిలోంచి ఇచ్చిన సున్నం రాసుకుని, మళ్లీ ఫైలు విప్పింది. రెండు కాగితాలు తిరగేసేసరికి అరచేతులు దురద పెట్టాయి. తర్వాత ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు లావెక్కాయి. "సూపర్నెంటు గారూ" అని పిలవబోతే ఆ గొంతు తనదిలా లేదు. లోపల ఎవరో గుడ్డ కుక్కుతున్నట్టుంది. లేచి నాలుగడుగులు వేసింది, కళ్లు చీకట్లు కమ్మాయి, డైరెక్టర్ గారి గది గుమ్మం ముందు ఫైలుతో సహా పడిపోయింది.

సూపరింటెండెంటు వామనమూర్తి, నూకరత్నం ఇద్దరూ కలిసి ఆవిడను ఆటోలో ప్రభుత్వాసుపత్రికి చేర్చారు. అక్కడ డాక్టర్ జుబేదా ఒక్క చూపు చూసి, పేరైనా అడక్కుండా, తొడకు ఇంజెక్షన్ పొడిచింది. కాసేపటికి ఊపిరి దారిన పడింది.

"మీకు కందిరీగ పడదమ్మా," అంది డాక్టరు, ఆవిడ తేరుకున్నాక. "కుట్టిన చోట వాస్తే అది వేరు. మీకు ఒళ్లంతా ఎదురు తిరిగింది. ఇంకోసారి కుడితే ఇంతకంటే ఎక్కువ కావచ్చు. ముందా గూడు తీయించండి. ఈలోపు ఆ కిటికీ దగ్గర కూర్చోకండి."

"దీనికి రక్తపరీక్ష ఉందంటారు కదండీ?" అడిగాడు వామనమూర్తి. ఆయనకు ఏ విషయంలోనైనా కాగితం ఒకటి చేతిలో ఉంటే ధైర్యం.

"ఉంది. కందిరీగ విషానికి విరోధంగా రక్తంలో ఒక పదార్థం పుడుతుంది. అదుందో లేదో చూస్తాం. కానీ ఇప్పుడే వద్దు. కుట్టిన కొత్తలో అదంతా ఖర్చయిపోయి, పరీక్షకు దొరక్కుండా పోవచ్చు. ఓ నెలన్నర ఆగి చేద్దాం. ఈవిడకి ఏం జరిగిందో మనం చూశాం కదా, తొందరేం లేదు."

మంగతాయారు మళ్లీ ఆఫీసుకు వచ్చిన రోజే ఒక దరఖాస్తు పెట్టుకుంది. అడిగినవి రెండే. గూడు తీయించాలి, తన బల్ల లోపలి స్తంభం దగ్గరకు మార్పించాలి. పది నిమిషాల పని. ఒక కర్రా, ఒక పొగపెట్టేవాడూ, బల్ల మోయడానికి ఇద్దరూ ఉంటే చాలు.

కానీ ఆవిడ దురదృష్టం కొద్దీ డైరెక్టర్ పరబ్రహ్మం గారు ఆవిడ పడిపోవడానికి వారం ముందే రాజధానిలో ఒక శిక్షణ పూర్తిచేసుకుని వచ్చారు. శిక్షణ పేరు 'ఆధార సహిత పరిపాలన'. అంటే ఆధారం లేనిదే అధికారి ఏదీ నమ్మకూడదు. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే, వచ్చిన మర్నాడు రికార్డు గది పైకప్పు కారుతోందని చెబితే, అది వాననీళ్లే అనడానికి వర్షపాత నివేదిక తెప్పించమన్నారు. నివేదిక వచ్చేదాకా కింద బకెట్ పెట్టనివ్వలేదు. బకెట్ పెట్టడమంటే విచారణ పూర్తికాకుండానే నిర్ణయానికి రావడమట.

"మంగతాయారు గారూ," అన్నారు పరబ్రహ్మం గారు, దరఖాస్తును కళ్లద్దాల్లోంచి ఒకసారి, కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి. "మీ వినతిలోని ఆవేదనను ఈ కార్యాలయం సానుభూతితో గమనించింది. అయితే కందిరీగ మీ శరీరానికి సరిపడదు అనే నిర్ధారణకు ఆధారమేమిటి?"

"పడిపోయానండి."

"పడిపోవడం ఘటన. ఘటన వేరు, ఆధారం వేరు. మనిషి ఆకలికీ పడతాడు, ఎండకీ పడతాడు."

"డాక్టరు గారు రాసిచ్చారు కదండీ."

"అది అభిప్రాయం. నిపుణుల అభిప్రాయమే, కాదనను. కానీ ఆధారమంటే ప్రయోగశాల నుంచి వచ్చిన అంకె. రక్తపరీక్ష చేయించండి."

"నెలన్నర ఆగమన్నారండి. ఇప్పుడు చేస్తే తేలకపోవచ్చునట."

పరబ్రహ్మం గారు బాధగా తల ఊపారు. "దరఖాస్తును నెలన్నర పాటు పెండింగులో ఉంచడం ఆధార సహిత పరిపాలనకు పూర్తిగా విరుద్ధమమ్మా. రక్తం మీ దగ్గరే ఉంది. ఆలస్యమెందుకు?"

ఆవిడ రక్తం ఇచ్చింది. అది పెద్ద ఊరి లాబొరేటరీకి వెళ్లి, కాగితమై తిరిగొచ్చింది. కందిరీగ అన్న మాటకు ఎదురుగా సున్నా ఉంది.

"మీ రక్తం ఒప్పుకోవడం లేదమ్మా," అన్నారు పరబ్రహ్మం గారు. ఆయన గొంతులో నిజంగానే విచారం ఉంది. "మీకు కందిరీగ పడుతుంది."

"మరి నేను పడిపోయిన సంగతండీ?"

"దానికిక ఆధారం లేదు."

"తమరి గది గుమ్మం ముందే కదండీ పడ్డాను. తమరు చూశారు."

"చూశాను. కానీ నా కళ్లు ప్రయోగశాల కాదు," అని ఆయన వినయంగా ఒప్పుకున్నారు.

మంగతాయారు కిటికీ పక్క సీట్లోకి తిరిగి వచ్చింది. పైన గూడు ఇంకో అంగుళం పెరిగినట్టు అనిపించింది. ఎండ పడితే చాలు, గాజు మీద వాటి నీడలు పాకేవి. తల మీద చీర కొంగు కప్పుకుని, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని పని చేసేది. వచ్చిపోయేవాళ్లు, "పంటి నొప్పాండీ?" అని అడిగేవాళ్లు. మెడికల్ లీవు పెడితే, రోగం లేదని ప్రయోగశాల తేల్చినవారికి సెలవు ఇవ్వడం ప్రయోగశాలను అవమానించడమవుతుందని తిరస్కారం వచ్చింది.

ఇంతటితో ఆగిపోతే ఇది ఒక్క మంగతాయారు కష్టంగా మిగిలిపోయేది. కానీ పరబ్రహ్మం గారు న్యాయం తెలిసిన మనిషి. ఒకరికి పరీక్ష చేయించి మిగతావాళ్లను వదిలేస్తే పక్షపాతమవుతుందని ఆయనకు తోచింది. సిబ్బంది అందరికీ కీటక దంశ సున్నితత్వ నిర్ధారణ శిబిరం పెట్టించారు. రిబ్బను కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ముందుగా తానే చొక్కా చెయ్యి మడిచి రక్తమిచ్చి ఫోటో తీయించుకున్నారు.

ఫలితాలు వచ్చాయి. ఆఫీసులో సగం మందికి పైగా రక్తం పాజిటివ్ అని తేలింది.

"అదేవిటండీ!" అని వామనమూర్తి ఆశ్చర్యపోయి డాక్టర్ జుబేదా దగ్గరకు పరిగెత్తాడు.

"వింతేముందండీ?" అంది ఆవిడ. "మీవాళ్లంతా కొబ్బరితోటల్లో, చేలగట్ల మీద పెరిగినవాళ్లు. చిన్నప్పుడెప్పుడో కుట్టించుకుని ఉంటారు. రక్తంలో ఆ జాడ ఉండిపోతుంది. జాడ ఉన్నా ఒంటికి ఏమీ కానివాళ్లు చాలామంది. అందుకే ముందు మనిషిని అడగాలి, కుట్టినప్పుడు నీకేమయిందీ అని. ఆ మాట విన్నాక రక్తం చూస్తే దానికో అర్థం ఉంటుంది. మీ శిబిరంలో ఆ మాట ఎవరైనా అడిగారా?"

"దానికి గడి లేదండి," అన్నాడు వామనమూర్తి.

అందరికంటే పెద్ద అంకె పరబ్రహ్మం గారిది. చిన్నతనంలో జామతోటల్లో దొంగతనంగా జొరబడి ఆయన తిన్న కందిరీగ కాట్లకు లెక్క లేదు. కుట్టిన చోట ఉమ్మి రాసుకుని మరో జామకాయ కోసుకునేవారు, అంతే. కానీ ఇప్పుడు అంకె చూడగానే ఆయన మొహం పాలిపోయింది. చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. ఇంతకాలం ఎంత ప్రమాదంలో బతికాడో తనకే తెలియలేదని ఆ సాయంత్రం భార్యతో చెప్పుకుని కంటతడి పెట్టారట.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. రక్తం ఒప్పుకున్నవారు 'సున్నితులు', ఒప్పుకోనివారు 'దృఢులు'. సున్నితులందరూ దోమతెరల కిటికీలు, కూలరు ఉన్న లోపలి హాల్లో కూర్చోవాలి. వాళ్ల టీ వాళ్ల దగ్గరికే రావాలి. ఎండవేళ కందిరీగలు చురుగ్గా ఉంటాయి కాబట్టి వాళ్లు సాయంత్రం కాస్త ముందుగా ఇంటికి పోవచ్చు. దృఢులు వరండాలోనూ, గూటి పరిసరాల్లోనూ కూర్చుని ప్రజలతో వ్యవహరించాలి. దృఢులందరిలోకీ దృఢురాలు, సాక్షాత్తూ సున్నా సాధించిన మంగతాయారు గారిని 'కీటక సమన్వయ బాధ్యురాలి'గా నియమించడమైనది.

"ఏం చెయ్యాలండీ నేను?" అడిగింది ఆవిడ.

"కీటకాలకూ కార్యాలయానికీ మధ్య సమన్వయం," అన్నారు పరబ్రహ్మం గారు.

"అంతకంటే ఆ గూడు తీయించేస్తే పోదాండీ?"

ఆయన ఆ మాటకు నిజంగా నొచ్చుకున్నారు. "గూడు తీస్తే ఈ వర్గీకరణకు ప్రాతిపదిక ఏముంటుందమ్మా? ఇంతమంది సున్నితులు దేనికి సున్నితులని అడిగితే ఏం చూపిస్తాం? గూడు మన మూలాధారం." అన్నట్టే మర్నాడు గూటి పక్కన ఒక బోర్డు వేలాడింది. 'మూలాధారం, తాకరాదు.' ఆ బోర్డు కట్టింది కూడా దృఢులే.

ఈ ఏర్పాటుతో ఆఫీసులో ఎవరికీ పని జరగలేదు కానీ అందరికీ హోదాలు వచ్చాయి. సున్నితులు మెల్లగా నడవడం, మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టారు. "నా అంకె కాస్త ఎక్కువండి" అని ఒకరు, "మా ఇంట్లో అందరం సున్నితులమే, మా తాతగారి నుంచీ ఉంది" అని ఇంకొకరు. పెళ్లిచూపుల్లో కూడా ఆ కాగితం చూపించారని నూకరత్నం మోసుకొచ్చింది.

పాపం వామనమూర్తి రక్తం మాత్రం ఒప్పుకోలేదు. సూపరింటెండెంటు హోదాలో ఉండి దృఢుడని తేలడం ఆయనకు తలవంపుగా ఉంది. తన కింది గుమాస్తాలు లోపల కూలరు గాలికి కూర్చుంటే, తను వరండాలో స్టూలు మీద చెమటలు కక్కుతున్నాడు. ఒకసారి కుట్టించుకుని, కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షకు వెళ్తే రక్తం దారికొస్తుందేమోనని ఆయనకు ఆశ పుట్టింది. ఓ మధ్యాహ్నం గూటి కిందకు వెళ్లి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. కందిరీగలు ఆయన చుట్టూ తిరిగి, వాసన చూసి, తమ పని మీద తాము పోయాయి.

"సూపర్నెంటు గోరూ," అంది నూకరత్నం గుమ్మంలోంచి, "ఆటిక్కూడా తవరంటే భయవేనండి. ఎక్కడ మెమో ఇచ్చేత్తారోనని."

వామనమూర్తి చేతులు దించుకున్నాడు. కిటికీలోంచి ఇదంతా చూస్తున్న మంగతాయారుకు ఎంత ఆపుకున్నా నవ్వాగలేదు. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వడం అదే.

"మీకు నవ్వులాటగా ఉంది కానీ తాయారు గారూ, మా ఇంట్లో నాకు పరువు లేదండి," అన్నాడాయన ఉడుక్కుంటూ. "మా బావమరిది సున్నితుడు."

"నా కిటికీ సీటు మీకిచ్చేస్తాను, మీ స్టూలు నాకిస్తారా?" అంది ఆవిడ.

ఆవిడ మెడ చుట్టూ తువ్వాలు, ఆ ఎండలో కారుతున్న చెమట అప్పుడు ఆయన కళ్లబడ్డాయి. ఆటోలో తన భుజం మీద వాలిపోయిన మనిషి, ఆ పెదాల నీలిరంగు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం ఆవిడ వెంట తనే ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టర్ జుబేదా మందు నింపిన సిరంజి ఒకటి చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది. "ఇది ఎప్పుడూ దగ్గరుండాలి. దద్దుర్లు, గొంతు బిగింపు మొదలైతే ఆలోచించకండి, తొడ పక్కన పొడిచేసి ఆసుపత్రికి రండి. మీకు చెయ్యి ఆడకపోతే పక్కనున్నవాళ్లు పొడవాలి. ఎవరు?"

"నేనండి," అన్నాడు వామనమూర్తి. డాక్టరు ఒక బత్తాయి తెప్పించి, నీళ్ల సిరంజితో ఆయన చేత పొడిపించింది. మొదటిసారి ఆయన కళ్లు మూసుకున్నాడు. నాలుగోసారికి బత్తాయి కళ్లు మూసుకునేలా పొడిచాడు.

మంగతాయారు ఆ డబ్బాను సొరుగులో పెట్టుకుంది. ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది కూడా. కానీ ఆఫీసులో ఏ సంగతైనా ఎంతసేపు దాగుతుంది? మర్నాడే పరబ్రహ్మం గారు పిలిచారు.

"దృఢుల వద్ద ఔషధం ఉండటం వనరుల దుర్వినియోగం కాదా అమ్మా? ఈ భవనంలో అత్యధిక సున్నితత్వం ఎవరిదో మీకు తెలియంది కాదు."

"అది డాక్టరు గారు నా పేరు మీద ఇచ్చిందండి. నాకు అవసరమని ఇచ్చింది."

"ఏ ఆధారంతో?"

చెప్పి చెప్పి విసిగిపోయిన మంగతాయారు డబ్బా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. డబ్బా డైరెక్టర్ గారి గదిలో ఇనప్పెట్టెలోకి చేరింది. తాళంచెవి ఆయన జంధ్యానికి చేరింది. ఇంటికెళ్లి ఆవిడ భర్త సూర్యభాస్కరంతో చెబితే ఆయన, "ఉద్యోగం మానెయ్ తాయారూ, కలో గంజో తాగుదాం" అన్నాడు. "నేనెందుకు మానాలి, కందిరీగను మానమనండి" అంది ఆవిడ కోపంగా. ఆ కోపమే ఆవిడను మర్నాడు మళ్లీ ఆఫీసుకు నడిపించింది.

ఇంతలో ఈ వర్గీకరణ కీర్తి రాజధానికి పాకింది. ఒక ఆఫీసు తన సిబ్బంది రక్తాన్ని బట్టి సీట్లు వేసిందంటే మాటలా! కమిషనర్ గారు స్వయంగా చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. గోడలకు సున్నం వేశారు. 'ఆధారమే మా ఆయుధం' అని గుడ్డ బ్యానరు రాయించారు. దాన్ని కట్టడానికి అనువైన కొక్కెం భవనం మొత్తంలో ఒక్కటే ఉంది, సన్‌షేడ్‌కు.

"అక్కడొద్దండి," అంది మంగతాయారు. "గాలికి ఊగితే గూటికి తగుల్తుంది."

"కీటక సమన్వయ బాధ్యులు మీరే కదా," అన్నారు పరబ్రహ్మం గారు. "వాటితో సమన్వయం చేసుకోండి."

కమిషనర్ గారు వచ్చారు. పెద్ద మనిషి, మెడ నిండా చామంతి దండలు. ఆ కిటికీని ఆనుకునున్న వరండాలో మైకు ముందు పరబ్రహ్మం గారు నిలబడి, "ఒకప్పుడు పాలన మనుషుల మాటల మీద నడిచేది. ఈనాడు..." అంటుండగా కాలవ వైపు నుంచి గాలి లేచింది. బ్యానరు ఒకసారి ఉబ్బింది, రెండోసారి ఉబ్బింది, మూడోసారి చాచి గూటిని కొట్టింది.

'మూలాధారం' సగానికి విరిగి మైకు పక్కన పడింది.

ఆ క్షణంలో వర్గీకరణ అన్నది లేదు. సున్నితులూ దృఢులూ ఒకే తలుపులోంచి ఒకేసారి దూరబోయి ఇరుక్కున్నారు. అన్నాళ్లూ మెల్లగా నడిచినవాళ్లు అందరికంటే ముందున్నారు. కమిషనర్ గారు చామంతులతో సహా కారు వైపు పరిగెత్తుతుంటే ఒక కందిరీగ ముక్కు మీదే కుట్టింది. పరబ్రహ్మం గారికి చెంప మీద, మెడ మీద, చేతుల మీద పొడిచాయి. "నేను సున్నితుణ్ణి! నేను సున్నితుణ్ణి!" అని వాటికి చెబుతూ ఆయన తన గదిలోకి పరిగెత్తి, ఇనప్పెట్టె తెరిచి, సిరంజి చేత్తో పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

మంగతాయారుకు ఒక్కటే కుట్టింది, మణికట్టు మీద. చూసుకుంది. అరచేతులు దురద పెట్టాయి. ఆ దురద ఆవిడకు గుర్తే. గోడ పట్టుకుని డైరెక్టర్ గది దాకా నడిచింది. గుమ్మం దగ్గర మోకాళ్లు వంగిపోయాయి. ఎదురుగా తన డబ్బా కనిపిస్తోంది, తెరిచి ఉంది. చెయ్యి చాచింది కానీ మాట రాలేదు. చనిపోతున్నానన్న భయం కంటే, ఇలాంటి మనిషి ముందా, ఇలాంటి కారణానికా అన్న అవమానం ఆవిడకు ఎక్కువ అనిపించింది.

వామనమూర్తి ఆవిడ వెనకే వచ్చాడు. ఆయన చెవులు రెండూ అప్పాల్లా వాచి ఉన్నాయి.

"సార్, ఆ సూది ఇలా ఇవ్వండి."

"ఎలా ఇస్తానయ్యా! అయిదు చోట్ల కుట్టాయి! నా అంకె ప్రకారం నాకు ఈపాటికి ఊపిరి ఆడకూడదు!" అని పరబ్రహ్మం గారు భవనం అదిరేలా అరిచారు.

"తమరు మైకు లేకుండానే వీధి చివరికి వినిపిస్తున్నారండి. ఆవిడకు గొంతే పెగలడం లేదు. ఇవ్వండి."

"ఆవిడ దృఢురాలు!"

"అయితే దృఢంగా చచ్చిపోతారండి!" అన్నాడు వామనమూర్తి. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో పై అధికారి చేతిలోంచి ఏదైనా లాక్కోవడం ఆయనకు అదే మొదలు. సిరంజి లాక్కుని, మూత పీకి, మంగతాయారు తొడలో పొడిచాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. నూకరత్నం ఆటో పిలవడానికి అప్పటికే పరిగెత్తింది. ఆసుపత్రికి చేరేసరికి మంగతాయారు పెదాల్లో రంగు తిరిగొస్తోంది. జుబేదా ఆవిడను రాత్రంతా కదలనివ్వలేదు.

పరబ్రహ్మం గారు కుర్చీలోనే కూర్చుని, పడిపోవడానికి సాయంత్రం దాకా ఎదురుచూశారు. బూరెలా వాచిన చెంప తప్ప ఇంకేం కాలేదు. చీకటిపడ్డాక ఆయనే విసుగెత్తి లేచి, ఇంటికెళ్లి భోంచేశారు.

మిగిలిన సగం గూడు ఆ సాయంత్రమే కాలిపోయింది. దాన్ని తీయించడానికి కమిషనర్ గారు ఏ నివేదికా అడగలేదు. కారులోంచే, ముక్కు మీద చేతిరుమాలు పెట్టుకుని, "తగలెట్టండి" అన్నారు. అంతే. కానీ కందిరీగలు సన్‌షేడ్ మారలేదు. కొన్నాళ్లకే అదే కొక్కెం పక్కన మళ్లీ తామరకాయంత గూడు మొదలుపెట్టాయి.

ఈలోపు, రెండో కాటు నుంచి లెక్కవేసి డాక్టర్ జుబేదా మళ్లీ చెప్పిన నెలన్నర గడువు రానే వచ్చింది. మంగతాయారు మళ్లీ రక్తమిచ్చింది. ఈసారి రక్తం ఒప్పుకుంది, అదీ గట్టిగా. కాగితం చూసి సూర్యభాస్కరం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. జబ్బుందని తేలితే దణ్ణం పెట్టుకునే రోజొస్తుందని వాళ్లిద్దరూ ఎన్నడూ అనుకోలేదు. ఆవిడ ఆ కాగితం తీసుకెళ్లి డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టింది. ఇక తిరుగులేదనుకుంది.

పరబ్రహ్మం గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు.

"ఇక్కడ ఒక సున్నితమైన సమస్య ఉందమ్మా. ఒకే రక్తం నుంచి రెండు ఆధారాలు వచ్చాయి. రెండూ ఒకే ప్రయోగశాలవి. ఒకదాన్ని నమ్మి ఇంకోదాన్ని త్రోసిపుచ్చే అధికారం నాకు లేదు."

"మొదటిది తొందరపడి చేయించిందండి. తేలదని డాక్టరు గారు ముందే చెప్పారు."

"అది అభిప్రాయం," అన్నారాయన. "నేను సగటు తీస్తున్నాను."

సాయంత్రానికి ఉత్తర్వు చేతికొచ్చింది. శ్రీమతి మంగతాయారు సగటున అర్ధ సున్నితురాలు. కావున మధ్యాహ్న భోజనం వరకు కిటికీ పక్కన, భోజనానంతరం లోపలి హాల్లో కూర్చోవలసింది. కందిరీగలు కుట్టదలచిన సందర్భంలో వేళలు పాటించేలా సమన్వయం చేయవలసింది.

మంగతాయారు ఆ ఉత్తర్వు చదివింది. మళ్లీ చదివింది. ఆవిడకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. తల ఎత్తి బల్ల వైపు చూసింది. టేకు బల్ల, నాలుగు కాళ్లు. ఇన్ని నెలలుగా దాని గురించి దరఖాస్తులు, వర్గీకరణలు, శిబిరాలు, సగట్లు. దానికి మేకులు కొట్టి లేవు. నేలకు అతికించి లేదు. ఆవిడ లేచి, చీర కొంగు నడుముకు దోపుకుని, బల్లకు రెండు చేతులూ ఆనించి నెట్టింది. బల్ల కిర్రుమంటూ కదిలింది.

హాల్లో తలలన్నీ లేచాయి. వామనమూర్తి స్టూలు మీంచి లేచి అటుపక్క పట్టుకున్నాడు. నూకరత్నం కుర్చీ నెత్తిన పెట్టుకుంది. ముగ్గురూ కలిసి బల్లను లోపలి స్తంభం దగ్గరకు చేర్చారు. మంగతాయారు మెడ చుట్టూ ఉన్న తువ్వాలు విప్పి, మడిచి, కుర్చీ వీపున వేసుకుని, ఫైలు విప్పింది. అందరూ ఆవిడను కాసేపు చూసి, ఇంత తేలికైన పని ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తోచలేదా అని లోలోపల అనుకుని, తలలు దించుకున్నారు.

మర్నాడు పొద్దున్న పరబ్రహ్మం గారు తనిఖీకి బయల్దేరి కిటికీ దగ్గర ఆగిపోయారు. ఖాళీ చోటును చూశారు. స్తంభం దగ్గరున్న బల్లను చూశారు. మళ్లీ ఖాళీ చోటును చూశారు. ఆయన మొహం ఎర్రబడింది.

"వామనమూర్తి గారూ! కార్యాలయ ఉత్తర్వుకు విరుద్ధంగా ఈ బల్లను ఎవరు జరిపారు?"

మంగతాయారు కలం పట్టుకున్న చెయ్యి ఆగింది. వామనమూర్తి లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, చాలా వినయంగా అన్నాడు:

"జరిపినట్టు ఆధారం లేదండి."

పరబ్రహ్మం గారు బల్ల మునుపు ఎక్కడుండేదో చెప్పే పటం ఏదైనా ఉందా అని ఆలోచించారు. లేదు. తను చూశాడు, నిజమే, రోజూ చూశాడు. కానీ తన కళ్లు ప్రయోగశాల కాదు. నెమ్మదిగా ఆయన ముఖంలోంచి కోపం దిగిపోయి, దాని చోట ఒక వెలుగు వచ్చింది. ఎన్నాళ్లుగానో చెప్పిన పాఠం చివరికి శిష్యుడి నోట విన్న గురువు మొహంలా ఉంది అది. ఆయన వామనమూర్తి దగ్గరకు వచ్చి, చెయ్యి అందుకుని గట్టిగా ఊపారు.

"చూశారా," అన్నారు గద్గదంగా, హాలంతటికీ వినపడేలా. "ఈ కార్యాలయంలో ఆధారం విలువ తెలిసిన మనిషన్నవాడు తయారవుతున్నాడు."